కంచెకు అవతలి పీట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అడగకూడని ప్రశ్నలు చాలా ఉండేవి. ఒంటె అక్కడెందుకు నిలబడాలి అన్నది వాటిలో ఒకటి. ఒంటె అంటే ఎడారిలో తిరిగేది కాదు, చదరంగంలో ఏటవాలుగా నడిచే పావు. ఆ ప్రశ్న అడిగినందుకు మా తాత నా వీపు మీద ఒకటి చరిచాడు. దెబ్బ నొప్పి సాయంత్రానికి పోయింది. ప్రశ్న మాత్రం పోలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆ ఒంటె మళ్లీ గుర్తుకు రావడానికి కారణం నల్లగొండలోని మా చెస్ క్లబ్బు. అక్కడ నా కుర్చీని చాలా మర్యాదగా లాగేయాలని చూశారు. ఆ సంగతికి వస్తాను. ముందు తాత సంగతి చెప్పాలి.

మాది తిరుమలగిరి పక్కన పల్లె. గొర్రెల మందలున్న ఇల్లు. తాతకు పగలు మంద, సాయంత్రం చదరంగం. ఇంటి ముందు అరుగు మీద గళ్లు గీసిన చెక్క పలక, దానికి అటొక పీట, ఇటొక పీట. గోడ వైపు పీట తాతది. ఎదుటి పీట మీదికి ఊరి పెద్దమనుషులు వంతులవారీగా వచ్చి, ఓడి, బీడీ వెలిగించుకుని వెళ్లేవారు. నేను ఆడపిల్లను కాబట్టి గడపకు ఇవతల నిలబడి చూడాలి. నాకు ఆ పీట కావాలి. బొమ్మలు కాదు, గాజులు కాదు, ఆ ఎదుటి పీట.

మా వైపు ఆడే ఆట ఇప్పటి ఆటలా ఉండేది కాదు. బంటు మొదటిసారి కదిలినా ఒక్క గడే నడవాలి. ఆట మొదలయ్యే ముందు ఎవరి సగంలో వాళ్లు ఎనిమిది ఎత్తులు వరుసగా వేసుకోవాలి. వంతుల ప్రకారం ఆడడం ఆ తర్వాతే. ఆ ఎనిమిది ఎత్తుల్లో తాత కట్టేదాన్ని 'కంచె' అనేవారు. పొద్దు గూకాక మందను ఒకచోట చేర్చి చుట్టూ ముళ్ల కంప వేసినట్టు, రాజును మూలకు పంపి చుట్టూ బంట్లు, గుర్రం, ఏనుగు పేర్చడం. చివరి ఎత్తుగా ఒంటెను తెచ్చి రాజు పక్క గడిలో నిలపడం. ఈ కంచెను తాతకు వాళ్ల నాయిన నేర్పాడు. తాత ఊరికి నేర్పాడు. అందుకే ఎదుటి పీట మీదివాళ్లు కూడా అదే కంచె వేసేవారు. ఇంకోలా వేయడమంటే పెద్దమనిషి ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడమే. దసరాకు కత్తులకు, గొడ్డళ్లకు బొట్టు పెట్టినప్పుడు ఆ ఒంటెకు కూడా బొట్టు పెట్టేవారు మా ఇంట్లో.

కంచె తప్పు లేకుండా వేయడం వస్తే పీట ఎక్కనిస్తానని తాత ఓసారి నవ్వులాటకు అన్నాడు. నేను నిజమనుకుని కంఠతా పట్టాను. గచ్చు మీద బొగ్గుతో గళ్లు గీసి, చింతగింజలతో వేసేదాన్ని. అలా వేస్తున్నప్పుడే అడిగాను, ఒంటె అక్కడెందుకని. దెబ్బతో పాటు జవాబు కూడా వచ్చింది.

"మా నాయిన సంది గాడ్నే నిలవడ్తాంది. ఆయనకు తెల్వంది నీకు తెల్సిందా?"

మా పక్కింట్లో కిరాయికి దిగినామెను అందరం ఆపా అనేవాళ్లం, ఉర్దూలో అక్క అని. ఆ రోజుల్లో మా బడిలో లెక్కల టీచరు. హుజూర్‌నగర్ నుంచి వచ్చింది. పట్నంలో ట్రైనింగ్ చదివేటప్పుడు హాస్టల్లో చదరంగం పట్టుబడిందట. నవ్వు తక్కువ, బెత్తం ఎక్కువ. పిల్లలెవరికీ ఆమె అంటే ఇష్టం లేదు. నాకూ లేదు. ఒక ఆదివారం మా రెండిళ్ల మధ్య గచ్చు మీద నేను చింతగింజలు పేరుస్తుంటే వచ్చి నెత్తి మీద నిలబడింది.

"ఏం జేస్తున్నవే?"

"కంచె వేస్తున్న ఆపా. రాజుకు."

"ఎవలొస్తున్నరని?"

ఎవరొస్తున్నారో నేను ఎప్పుడూ చూడలేదు. చూడాలని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆపా లోపలికి వెళ్లి తన పలక తెచ్చింది. నన్ను అవతలికి జరగమని, నా చోట తను కూర్చుంది. నా కంచెను ఒక్క తప్పు లేకుండా తనే వేసింది. రోజూ గోడ మీంచి చూస్తూనే ఉందన్నమాట. "ఇగో, మీ తాత కంచె. నువ్వు గా దిక్కు నుంచి పడగొట్టు" అంది.

నేను అలవాటు కొద్దీ నా వైపు కూడా కంచె వేయడం మొదలుపెట్టాను. చేత్తో నా పావులన్నీ తుడిచేసింది.

"నేను కంచె వెయ్యమన్ననా? పడగొట్టమన్న. ఎనిమిది ఎత్తులున్నయ్ నీకు. కంప తెచ్చుకుంటవో, గొడ్డలి తెచ్చుకుంటవో నీ ఇష్టం."

"తాత కంచె పడదు ఆపా."

"పడకపోతే మంచిదే గద. మరి నీకేం ఫికర్?"

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. మా ఇంటి మీద నన్నే రాళ్లు వేయమంటున్నట్టనిపించింది. రెండుసార్లు కావాలనే చెత్తగా ఆడాను. ఆమెకు తెలిసిపోయింది. "మీ తాతకు దెబ్బ తాకుతదని భయమా? ఇవి కట్టెలే పోరీ. కట్టెలకు నొప్పుండదు" అని దెప్పింది. ఆ దెప్పుడు పనిచేసింది. మూడోసారి కసి కొద్దీ ఏనుగును, మంత్రిని తెచ్చి మూలనున్న ఆ రాజుకు సూటిగా నిలబెట్టాను. అక్కడి నుంచి చూస్తే కంచె వేరేగా కనిపించింది. ఇవతల కూర్చుని చూసినన్నాళ్లు ఒంటె కాపలాదారు. అవతలి నుంచి చూస్తే అది తలుపుకు అడ్డంగా పడేసిన వడ్ల బస్తా. రాజు తప్పించుకోగల ఒకే ఒక్క గడిలో అది కూర్చుంది. పైగా దాని దారులు రెండూ సొంత బంట్లే మూసేశాయి. నా బంటు కంచెలోని ఒక బంటును కొట్టగానే దారి తెరుచుకుంది. ఏనుగు దిగింది. రాజు తన ఒంటె పక్కనే, తన ఒంటె వల్లనే చచ్చాడు.

ఆపా శభాష్ అనలేదు. "గిప్పుడు చెప్పు, ఒంటె గాడెందుకున్నది?" అని అడిగింది.

"తెల్వదు."

"నాక్కూడ తెల్వదు. ఎరుకున్నోళ్లను అడుగు పో."

తాతను అడిగే ధైర్యం లేదు. పెరట్లో బట్టలు ఉతుకుతున్న మా అవ్వను అడిగాను. అవ్వ చదరంగం ఎప్పుడూ ఆడలేదు. తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"గా గడి పగిలుండె బిడ్డా. ఒంటెను పెడితే పక్కకు ఒరుగుతుండె. అందుకే మా మామ పక్క గడిల పెడుతుండె."

"ఏ గడి?"

అవ్వ చేతిలోని బట్టను పక్కకు తీసి, తను ఉతుకుతున్న బండను చూపించింది. ముత్తాత ఆడుకున్న బండ అది. సబ్బు నురగ కింద గళ్లు ఇంకా లీలగా ఉన్నాయి. ముత్తాత కూర్చునే వైపు, మూల దగ్గర ఒక గడి పెచ్చు లేచి గుంతలా ఉంది. నేను వేలు పెట్టి చూశాను. నీళ్లు నిలిచి ఉన్నాయి.

బండ పెరట్లోకి పోయింది. చెక్క పలక వచ్చింది. చెక్క పలక మీద గడులన్నీ చదునుగానే ఉన్నాయి. ఒంటె మాత్రం పక్క గడిలోనే నిలబడుతూ వచ్చింది. దానికి మేం బొట్టు పెడుతూ వచ్చాం.

ఆ సాయంత్రం తాతతో ఆడవలసిన మనిషి సంతకు పోయి ఇంకా రాలేదు. అరుగు మీద నలుగురు చూసేవాళ్లున్నారు. నేను గడప దాటి వెళ్లి, కంచె వచ్చేసింది తాతా అన్నాను. తాత మంచి ఊపు మీదున్నాడు. "రా బిడ్డ, కూసో. సూద్దం" అన్నాడు. నేను ఎదుటి పీట ఎక్కాను. ఆ చెక్క చల్లదనం ఇప్పటికీ గుర్తుంది.

తాత తన ఎనిమిది ఎత్తులు వేశాడు, కళ్లు మూసుకుని కూడా వేయగలడు. నేను నా ఎనిమిది వేశాను. తాత పలక మీదికి వంగాడు.

"ఏందిది? కంచె ఏది?"

"నాకు అక్కరలేదు తాత. నీదున్నది గద."

ఎవరో కిసుక్కుమన్నారు. తాత ముఖం ఎర్రబడింది. ఎదురు కంచె లేని ఆట ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. మొదటిసారి తన కంచె వైపు ఎవరో వస్తున్నారు. ఎలా ఆడాలో ఆయనకు తెలియలేదు, ఎందుకంటే ఎవరొస్తున్నారని ఆయన్ను ఎవరూ అడగలేదు. రాజు మూలలో చిక్కుకుపోయాక ఆయన చేయి ఒంటె మీదికి వెళ్లింది. కదిలించడానికి గడి లేదు. చేయి అక్కడే ఉండిపోయింది.

"ఎవలు నేర్పిండ్రు?"

ఆపా పేరు చెప్పలేదు. దానికి బదులు అంతకంటే పెద్ద మాట చెప్పాను. "తాత, ముత్తాత బండ మీద గా గడి పగిలుండెనట. అందుకే ఒంటెను పక్కకు పెట్టిండట."

పలక ఎగిరి వాకిట్లో పడింది. "లే! మళ్ల గీ పీట ఎక్కితే కాళ్లిరగ్గొడ్త" అన్నాడు. ఇంట్లోకి వస్తే అమ్మ రెండు వేసింది, నలుగురిలో తాత పరువు తీసినందుకు. అవ్వ కొంగులోకి పావులు ఏరి తెచ్చింది.

కథల్లో అయితే అలాంటి తాత మర్నాడు మనవరాలిని పిలిచి తల నిమురుతాడు. మా తాత నిమరలేదు. బతికినన్నాళ్లు అదే కంచె వేశాడు, ఒంటెను అక్కడే నిలిపాడు. ఊరి పెద్దమనుషులు కూడా తమ కంచెలు వేసుకుని, చూసింది చూడనట్టే నటించి, ఓడిపోతూ వచ్చారు. ఎదురుపడ్డ నిజాన్ని ఊరంతా కలిసి ఎలా మింగేయగలదో నేను మొదట చూసింది ఆ అరుగు మీదే.

ఏడ్చుకుంటూ ఆపా దగ్గరికి వెళ్తే ఆమె ఓదార్చలేదు. "ఏడుస్తవెందుకే? గెలిచినవా, లేదా?"

"పీట ఎక్కొద్దన్నడు."

"పీట మీ తాతది. ఉంచుకోనియ్. ఆట మీ తాతది గాదు." అని తన పలక ముందుకు తోసింది. "కూసో. ఇయ్యాల నాతోని ఆడు. ముందుగాల్నే చెప్తున్న, నేను దయ జూప."

దయ చూపలేదు కూడా. బదిలీ అయి వెళ్లేదాకా నన్ను ఓడిస్తూనే ఉంది. ప్రతి ఆట తర్వాత పలకను తిప్పి, నా ఆటను నా చేతే పడగొట్టించేది.

పెద్దయ్యాక ఊరూరా సభల్లో వాదించాను. మూఢాచారాల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, పెద్దలు ఊరికే పెట్టరు, ఏదో కారణం ఉంటుంది అనేవారు. ఉంటుంది, నిజమే. బండ పగిలింది, అదీ కారణం. బండ పోయిన తర్వాత ఆ కారణానికి బొట్టెందుకు పెడుతున్నారన్నదే నా ప్రశ్న. ఈ మాటకు నా మీద చెప్పులు కూడా పడ్డాయి. ఏరి పక్కన పెట్టి మాట్లాడాను.

ఇక క్లబ్బు సంగతి. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు నల్లగొండలో టైర్ల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని నలుగురం మొదలుపెట్టిన క్లబ్బు అది. నేను గొప్ప ఆటగత్తెను కాను. జిల్లా స్థాయిలో కొన్ని గెలుస్తాను, కొన్ని ఓడతాను. తెల్లపావులైతే చాలా ఏళ్లుగా ఒకటే ఆరంభం: మంత్రి ముందరి బంటును తోయడం, వెంటనే ఒంటెను బయటికి తేవడం, వెనుక బంట్లను ముక్కోణంలా కట్టడం. లండన్ సిస్టమ్ అంటారు దాన్ని. మంచి ఆరంభమే. కాని కుర్రవాళ్లు ఫోన్లలో నా పాత ఆటలన్నీ తిరగేసి, దానికి మందు కనిపెట్టారు. నేను వరుసగా ఓడాను.

మహబూబ్‌నగర్ క్లబ్బుతో పోటీకి నలుగురు ఆటగాళ్లు కావాలి. నాలుగో కుర్చీ నాది. కార్యదర్శి ప్లాట్ల వ్యాపారి, మాటలో చక్కెర ఎక్కువ.

"అమ్మా, మీకెందుకీ తిప్పలు? చిన్నపిల్లలకు గళ్లు చూపియ్యుండ్రి. మీకు మంచిగ సన్మానం జేస్తం, శాలువ కప్పుతం."

"శాలువ నువ్వే కప్పుకో బాబూ, నీకు చలి ఎక్కువున్నట్టుంది. కుర్చీ కావాలంటే ఎవరైనా వచ్చి ఆడి తీసుకోండి" అన్నాను.

ఆడి తీసుకోవడానికి ఒక బ్యాంకు ఉద్యోగి ముందుకొచ్చాడు. ముప్పై దాటిన వయసు, చురుకైన వాడు. ఫోను చెప్పిన ఎత్తులన్నీ కంఠస్థం. రెండు నెలల తర్వాత ఒకే ఒక్క ఆట. గెలిచినవాళ్లకు కుర్చీ.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పలక పరిచాను. ముందు ఎదుటి కుర్చీలో కూర్చుని నా లండన్‌ను నేనే కొట్టాను. కుర్రవాళ్లు కొట్టిన చోటే కొట్టాను, వాళ్లు చూడని ఇంకో చోట కూడా కొట్టాను. తర్వాత కొత్తది కట్టుకోవడం మొదలుపెట్టాను. తెల్లపావులకు ఒకటి, నల్లపావులైతే ఎదుటివాడి మొదటి ఎత్తును బట్టి రెండు. ఇవతలి కుర్చీలో ఒక ఎత్తు వేయడం, లేచి వెళ్లి అవతలి కుర్చీలోంచి దాన్ని తిట్టడం. ఎందుకు వేశానో పైకి చెప్పలేని ఎత్తును, ఎంత పెద్ద ఆటగాడు ఆడినదైనా, తీసి పారేశాను. ఫోను సాయం కూడా తీసుకున్నాను. ఫోను కూడా మా తాతలాంటిదే, ఈ ఎత్తే మంచిదంటుంది, ఎందుకో చెప్పదు. అయితే తాత కంటే ఒక మెట్టు నయం. ఎన్నిసార్లు ఎదురు ప్రశ్న వేసినా చెయ్యెత్తదు.

ఆట రోజు గది నిండింది. శాలువ కూడా తెచ్చి పెట్టారు, కవరులో కనిపిస్తూనే ఉంది. నాకు తెల్లపావులు వచ్చాయి. మంత్రి ముందరి బంటును రెండు గళ్లు తోశాను. అతను జవాబు వేసి గోడ గడియారం చూశాడు. గుర్రాన్ని తెచ్చాను. అతనూ తెచ్చాడు. ఇప్పుడు నా ఒంటె రావాలి. రాలేదు. దాని ముందరి బంటును రెండు గళ్లు తోశాను. అతని చేయి అప్పటికే గాలిలో ఉంది. నా బంటు వైపు కన్ను తిప్పకుండా తన ఒంటెను ఎప్పుడూ పెట్టే గడిలో పెట్టేశాడు.

లండన్ మీద ఆ ఒంటె అక్కడ బంగారం. ఈ బంటు మీద కాదు. అది వదిలి వచ్చిన ఇంటి పక్కన, గుర్రం ముందరి బంటుకు ఇప్పుడు కాపలా లేదు. బంట్లు మార్చుకుని నా మంత్రిని పక్కకు తెచ్చాను. ఒకే చూపులో అతని గుర్రం, ఆ దిక్కులేని బంటు, రెండూ పడ్డాయి. అప్పుడు అతను తల పట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాడు. మంచి ఆటగాడే, చాలాసేపు నిలబడ్డాడు. కాని ముందే పోయినదాన్ని తర్వాత తెచ్చుకోలేక ఓడిపోయాడు.

చేయి కలిపాక అడిగాను. "ఒంటెను గాడికెందుకు తెచ్చినవ్ నాయినా?"

అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గాడికే తెస్తం గద మేడం. మీతోని ఆడితే ఎప్పుడైనా గాడికే."

వాకిట్లో పడిన చెక్క పలక చప్పుడు నాకు మళ్లీ వినిపించింది.

కార్యదర్శి శాలువ కవరును కాలితో బల్ల కిందికి తోసి, గొంతు మార్చాడు. "ఇగ అందరం అమ్మ ఓపెనింగే నేర్చుకుందం. అమ్మా, ఎత్తులన్ని జర గ్రూపుల పెట్టుండ్రి. పిల్లలతోని కంఠతా పట్టిద్దం."

అంతవరకు లేని కోపం అప్పుడొచ్చింది. గెలిచినదాన్ని అప్పటికప్పుడే బొట్టు పెట్టి గూట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. "గ్రూపులో పెట్టను. ఎవరూ కంఠతా పట్టొద్దు. ముందు దీన్ని పడగొట్టండి" అని, ఓడి మూతి ముడుచుకున్న ఆ బ్యాంకు కుర్రవాడినే మళ్లీ ఎదురుగా కూర్చోమన్నాను. "నాకెందుకు మేడం, కుర్చీ మీదే గద" అన్నాడు. "కుర్చీ నాది. ఆట నాది గాదు. కూసో" అన్నాను.

కసిగానే ఆడాడు. నన్ను ఓడించాలని కాదు, అవమానించాలని. మొదటిసారి కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి ఫోను ముట్టకుండా, గడ్డం కింద చేయి పెట్టుకుని చాలాసేపు చూసి, నేను రెండు నెలలు చూడని చోట ఒక గుర్రాన్ని దించాడు. నా కొత్త కట్టడానికి మొదటి చిల్లు పడింది. నాకు ఒళ్లు మండింది. అతను ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మహబూబ్‌నగర్‌కు వెళ్లేది నేనే. ఆ చిల్లును ఎలా పూడ్చాలో ఇంకా తేలలేదు. వారం రోజులుగా అదే పని. చిన్ననాటి ఆ ఆదివారం ఆపా నన్ను జరగమన్న వైపే నేనింకా కూర్చుని ఉన్నాను. మా భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ కంటే ఎదుటి కుర్చీ నవారే ఎక్కువ అరిగింది.